రూప్లి నడిస్తే మోగే గంట

జమ్లి చేసిన మబ్బు గంట మొదట్ల బుద్ధిగనే ఉన్నది. తర్వాత దానికేం పుట్టిందో ఏమో, మబ్బు లేదు మన్ను లేదు, జమ్లి అత్త రూప్లి కనబడితే చాలు ట్రింగుమని మోగుడు పెట్టింది.

అసలు మబ్బు గంట ఏందని అడుగుతరేమో. బద్యా తండా అడివి అంచున ఉంటది. పడమర దిక్కు గుట్టలు, ఆ గుట్టల నడుమ ఒక సందు. ఎండకాలం ముంగట వచ్చే దొంగవాన ఆ సందుల నుంచే వస్తది. తండా వాళ్ళు మిరపకాయలు తెంపి కల్లంల ఎండబోసి, మల్ల తెంపటానికి చేన్లకు పోతరు. నడుము వంచి తలకాయ చెట్టుల పెట్టినోనికి ఆకాశం ఏం కనబడ్తది? కనబడేసరికి వీపు మీద చినుకు పడ్తది. ఉరికొచ్చి పట్టాలు కప్పేలోపల కల్లంల కాయ తడిసి, రంగు పోయి, బూజు పడ్తది. ఏడాది కష్టం అంతే సంగతులు. గిట్ల ప్రతి ఏడు ఎవరో ఒకరు కల్లంల కూసొని నెత్తి కొట్టుకునుడు చూసి చూసి, జమ్లికి ఈ గంట ఆలోచన వచ్చింది.

జమ్లి ఖమ్మంల ఐ.టి.ఐ. చదివింది, రేడియో టీవీ రిపేరు. తండాల అసొంటి చదువు చదివిన ఆడపిల్ల ఆమెనే మొదలు. చదివిచ్చింది కన్నోళ్ళు కాదు, మొగుడు కాదు, అత్త. పెండ్లయి వచ్చిన కోడలు పాత రేడియో ఇప్పి మల్ల బిగించి పాట వినిపించిన నాడే రూప్లి అన్నది, "ఇది గోలెంకాడ బర్లకు కుడితి పోసుకుంట ఉండే పిల్ల కాదు." తండా అంత ఒక్కటై కోడలిని పట్నం పంపుతవా అని మీద పడితే, "నా కోడలు, నా ఇష్టం. ఎవరికి కడుపు నొస్తుందో వాళ్ళు ఇంత వాము నములుండ్రి" అని తలుపేసుకున్నది. జమ్లికి కన్నతల్లి చిన్నప్పుడే పోయింది. అందుకే అత్తను యాడీ అని పిలుస్తది, అంటే వాళ్ళ మాటల అమ్మ. పిలుపు ఒక్కటే కాదు, మనసుల కూడ అంతే.

మొగుడు హీరాలాల్ మణుగూరు బొగ్గుబాయిల పనిచేస్తడు. ఆదివారం ఇంటికొచ్చినప్పుడల్ల పాడైన టేప్ రికార్డర్లు, పాత కెమెరాలు, తెగిన వైర్లు సంచిల వేసుకొస్తడు. "అందరి పెండ్లాలు చీరెలడుగుతరు, నా పెండ్లాం చెత్త అడుగుతది" అని నవ్వుతడు. ఆ చెత్తల నుంచే జమ్లి తనకు కావలసిన బిళ్ళ ఏరుకున్నది. చిటికెన వేలి గోరంత ఉంటది. దాని మీద వెలుగు పడితే కరెంటు జోరుగ పోతది, వెలుగు తగ్గితే మెల్లగైతది. ఆ బిళ్ళను జానెడు ఇనుప గొట్టం అడుగున కూసోబెట్టి, గొట్టం మూతి గుట్టల సందు దిక్కు తిప్పి, ఇంటి ముంగట పందిరి గుంజకు కట్టింది. గొట్టమెందుకంటే, నెత్తిమీది ఎండ దానికొద్దు, ఆ సందుల ఆకాశం కనబడితే చాలు. అక్కడి నుంచి వైరు ఇంట్లున్న పెట్టెలకు పోతది. పెట్టెల ట్రాన్సిస్టర్లు, పెట్టె మీద వెలుగెంతుందో చూపించేటందుకు టేప్ రికార్డర్ నుంచి పీకిన ముల్లు. ఆ పెట్టె నుంచి ఇంకో వైరు కల్లంకాడున్న గంటకు. పొద్దుగూకినట్టు వెలుగు మెల్లమెల్లగ తగ్గితే గంట పట్టించుకోదు. ఉన్నట్టుండి తగ్గితే మోగుతది. ఉన్నట్టుండి తగ్గుడంటే మబ్బే గద! గొట్టం ముంగట కాకి ఎగిరినా, బర్రె అడ్డమొచ్చినా మోగకుండ ఓ మర తిప్పి దానికి జర మొద్దుతనం కూడ పెట్టింది.

తండా వాళ్ళు నవ్విన్రు. తండా పెద్ద బిచ్యా నాయక్ అయితే గొట్టంల కన్ను పెట్టి చూసి, "దీంట్ల నుంచి వాన కనబడుతుందా బిడ్డా, నాకు పిట్ట రెట్ట కనబడుతున్నది" అన్నడు. నవ్వినోళ్ళే ఓ పగటీలి గంట మోగేసరికి చేన్ల నుంచి తలకాయలెత్తిన్రు. తలమీద ఎండ సుర్రుమంటున్నది. గుట్టల సందుల మాత్రం బొగ్గు లెక్క నల్లగ కమ్మింది. ఉరికి ఉరికి పట్టాలు కప్పి కూసున్నరో లేదో, వాన దంచికొట్టింది. ఆ దినం తండాల ఒక్క కాయ తడవలేదు. కల్లం పక్కనే ఇల్లున్న మోతీబాయి జమ్లి రెండు చేతులు పట్టుకొని, "నీ మిషను అబద్ధం చెప్పదే పిల్లా" అని మురిసిపోయింది.

ఆ మాటనే తర్వాత కొంప ముంచింది.

ఓ పొద్దుగాల రూప్లి బర్లను తోలుకొని పందిరి ముంగటి బాట మీద పోతున్నది. గంట మోగింది. చేన్లున్నోళ్ళు గుండెలు పట్టుకొని ఉరికొచ్చిన్రు. ఆకాశంల దూదంత మబ్బు లేదు. "ఏంది జమ్లీ, పరాచికాలా?" అని తిట్టుకుంట పోయిన్రు. తెల్లారి మల్ల మోగింది. ఆ తెల్లారి మల్ల. జమ్లి పెట్టె మీది ముల్లునే కనిపెట్టుకొని కూసున్నది. ముల్లు నిమ్మళంగ ఉంటది, ఉండి ఉండి ఎవరో చెయ్యి పట్టి గుంజినట్టు పైకి ఎగుర్తది, ధబీమని కింద పడ్తది, గంట మోగుతది. మల్ల ఏమెరుగనట్టు పడుకుంటది.

జమ్లికి కోపం రాలేదు. లోపల ఏదో చక్కిలిగిలి పెట్టినట్టయింది. ముల్లు కింద పడుడు అర్థమైతది, గని ముంగట పైకెందుకు ఎగురుతున్నది? మబ్బొస్తే వెలుగు తగ్గాలె గద, పెరిగినట్టు చూపిస్తదేంది? అన్నం కలిపిన చెయ్యి ఎండిపోయేదాక ఆలోచన చేసింది. అతుకులు ఊడినయేమోనని అన్ని కాల్చి మల్ల అతికింది. సెల్లులు మార్చింది. వైరును గుంజింది, ఊపింది, తొక్కింది. ముల్లు కదల్లేదు. గొట్టంల బల్లి దూరిందేమోనని పుల్ల పెట్టి కెలికింది, ఎండిన ఆకు ముక్క తప్ప ఏం లేదు. ఎండకు ట్రాన్సిస్టర్లు వేడెక్కి పిచ్చి లేస్తది, ఆ సంగతి ఆమెకు తెలుసు. గని మిట్టమధ్యాహ్నం నిప్పులు కురిసినప్పుడు మిషను మంచిగనే ఉంటున్నది. పొద్దుగాల చల్లని పూటనే దాని వేషాలు. సాయంత్రం ఒక్కనాడన్న మోగితే ఒట్టు.

ఈ లోపల కల్లంకాడ కూసున్న మోతీబాయి ఇంకో సంగతి కనిపెట్టింది.

"జమ్లీ, చెప్తే తప్పు పట్టుకోకు. మీ అత్త ఈ బాటన పోయినప్పుడే మోగుతున్నది గంట."

"ఊకో అత్తా, ఏం మాటలవి!"

"నువ్వే చూసుకో మరి."

జమ్లి చూసింది. ఎందుకు చూసిన్నో అని తర్వాత ఎంత ఏడ్చిందో. పొద్దుగాల రూప్లి బాట మీద అడుగు పెట్టింది, ముల్లు ఎగిరింది, గంట మోగింది. సరే అని జమ్లి తనే బాట మీద నడిచింది. చప్పుడు లేదు. మోతీబాయిని నడవమన్నది. లేదు. బిచ్యా నాయక్ ముసిముసి నవ్వుకుంట చేతికర్ర ఊపుకుంట పోయిండు, గంట పలకలేదు. బర్లను తోలింది, మేకలను తోలింది. ఏ ఒక్కదానికి మిషను ఉలకలేదు, పలకలేదు. "యాడీ, నువ్వొకసారి రా" అని పిలిచింది. రూప్లి చీపురు పక్కన పెట్టి నవ్వుకుంట వచ్చింది. ట్రింగ్!

ఆ చప్పుడికి మోతీబాయి మొఖంల నెత్తురు లేదు. కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. ఆమె నోట్ల నుంచి మాట మెల్లగనే వచ్చింది గని, బాట మీదున్న అందరికీ వినబడ్డది. "డాకణ్."

డాకణ్ అంటే వాళ్ళ మాటల మంత్రగత్తె. ఊకె తిట్టుకునేటప్పుడు అనే మాట కాదు అది. ఒకసారి ఆ మాట అంటుకున్నంక ఆ మనిషికి తండాల నిప్పు దొరకదు, నీళ్ళు దొరకవు. పసిపిల్లలను ఆమె నీడల పడకుండ దాస్తరు.

రూప్లి నవ్వు మొఖం మీదనే ఉన్నది, కండ్లల్ల నుంచి మాత్రం పోయింది. చీపురు తీసుకొని మల్ల వాకిలి ఊడ్చుకున్నది. ఊడ్చినకాడనే ఊడ్చింది.

మోతీబాయి చెడ్డ మనిషి కాదు, ఆ సంగతి కూడ చెప్పాలె. ఆమె బిడ్డ దేవ్లి పెండ్లి దగ్గరికొచ్చింది. పెండ్లి పెట్టుకున్న తల్లికి పిల్లి తుమ్మినా భయమే. ఆమె లేగదూడ ఆ మధ్యనే చచ్చింది. ఇప్పుడు అవన్ని ఒకటికొకటి ముడిపెట్టుకున్నది. "వాన గురించి బరాబర్ చెప్పిన మిషను, ఈమె గురించి అబద్ధమెందుకు చెప్తది?" అని ఇంటింటికి తిరిగింది. ఎవరు కాదంటరు? అబద్ధం చెప్పదని అందరు నెత్తిన పెట్టుకున్న మిషనేనాయె.

ఇంకో మాట కూడ పుట్టింది, అది ఇంకా పాడు మాట. అత్తను పట్టియ్యటానికే కోడలు ఈ మిషను చేసిందట! జమ్లి బాయికాడికి పోతే ఓ ముసల్ది భుజం తట్టి, "మంచి పని చేసినవు బిడ్డా, ఇన్నేండ్లు ఒక్క కప్పు కింద ఎట్ల వేగినవో" అన్నది. జమ్లికి ఒళ్ళు మండింది. బిందె అక్కడనే దబ్బున పెట్టి ఉట్టి చేతుల తోటి ఇంటికొచ్చింది.

అయినా ఆమె బుర్ర ఊకుంటదా? మిషను తప్పు చెప్తున్నదంటే ఆ తప్పుకు ఒక కారణం ఉంటది, అది దొరకాలె. రూప్లి కాళ్ళకు కడియాలు, చేతులకు గాజులు, చెవుల పక్కన వేలాడే వెండి గొలుసులు. ఇంత లోహం దగ్గరికొస్తే వైరు మీద ఏమన్న ప్రభావం ఉంటదా అని అనుమానమొచ్చింది.

"యాడీ, వెండి అంత తీసి ఒకసారి నడుస్తవా?"

రూప్లి కోడలి మొఖం దిక్కు చూసింది. ఒక్కొక్కటి తీసి గంపల పెట్టింది. కాలి కడియం పట్టేసింది, సబ్బు రాసి గుంజితే చర్మం గీరుకపోయింది. నడిచింది. గంట మోగింది.

"ఇంకేం తియ్యాల్నో చెప్పు బిడ్డా" అన్నది రూప్లి. "తోలు తియ్యమంటవా?"

జమ్లి ఆ గంప పట్టుకొని పందిరి కింద కూలబడి ఏడ్చింది. పెట్టెను గోడకేసి కొడ్దామని లేచింది కూడ. చెయ్యి ఆపింది రూప్లినే. "పగలగొడితే ఏమైతది? గుట్టు బయటపడ్తదని కోడలే పగలగొట్టింది అంటరు. వద్దు" అన్నది. మాట నిజమే. మిషనును చంపితే ఇంక రూప్లి తరఫున సాక్ష్యం చెప్పే దిక్కే ఉండదు.

బిచ్యా నాయక్ తండా పెద్దలను కూసోబెట్టిండు. జమ్లి పోయి, "కాకా, కొన్ని దినాలు ఆగుండ్రి, దీని సంగతి నేను తేలుస్త" అని బతిమాలింది. నాయక్ మెత్తటి మనిషే గని, తండా మాట కాదనే ధైర్యం లేదు. "దేవ్లి పెండ్లికి ముంగటనే తేలాలె బిడ్డా. చర్ల దిక్కు నుంచి భగత్‌ను పిలిపిస్తున్న. ఆయన చూసి చెప్తడు" అన్నడు. భగత్ అంటే దయ్యాలను, మంత్రగత్తెలను తేల్చేటోడు. అసొంటోడు అంత దూరం నుంచి వచ్చి ఏం లేదని చెప్పి పోయినట్టు ఎవరన్న విన్నరా?

అన్నిటికంటే రూప్లిని కోసింది మోతీబాయి ఇంకో మాట. లంబాడీల పెండ్లిల, పిల్ల అత్తగారింటికి పోయే ముందల ఢావ్లో పాడుతది. తల్లిని, అన్నదమ్ములను, ఇంటి గడపను పేరు పేరున తలుసుకొని ఏడ్చుకుంట పాడే పాట. తండాల పెండ్లయిన ప్రతి పిల్లకు దాన్ని నేర్పింది రూప్లినే. దేవ్లికి కూడ సగం నేర్పింది. ఆ సగంలనే మోతీబాయి కబురు పంపింది, మా ఇంటి దిక్కు రావద్దని.

ఆ కబురు విన్న తెల్లారి రూప్లి కోడలిని పిలిచింది. "నీ చీరె ఒకటియ్యి."

"ఎందుకు యాడీ?"

"ఇయ్యమన్న గద."

ఊహ తెలిసిన కాడి నుంచి రూప్లి పేటియా తప్ప కట్టలేదు. పేటియా అంటే ఎర్రటి గేరల లంగ, దాని నిండ అద్దాలు, గవ్వలు, రంగురంగుల కుట్టు. నెత్తిమీద వీపు నిండ కప్పే టుక్రి, దానికి కూడ అద్దాలే. అవన్ని ఆమె తల్లి కుట్టిపెట్టినవి. తండాల మిగతా ఆడోళ్ళు చేన్లకు కూలికి పోవుడు, బజారుకు పోవుడు మొదలైనంక చీరెలకు మారిన్రు. రూప్లి మారలేదు. "ఇవి ఇడిస్తే నేనెవర్నో నాకే తెలువది" అనేది. అసొంటి మనిషి ఇయ్యాల చేతులు పక్కకు పెట్టి చిన్నపిల్ల లెక్క నిలబడితే, జమ్లి కుచ్చిళ్ళు పోసి చీరె కట్టింది.

"నన్ను చూసి జడుసుకుంటున్నరు. నలుగురి లెక్క కనబడితే జర ఊకుంటరేమో" అన్నది రూప్లి. కాళ్ళకు చీరె అడ్డం పడుతుంటే తడబడుకుంట బర్లను ఇప్పి బాట మీద తోలుకొని పోయింది.

గంట మోగలేదు.

జమ్లి పెట్టె ముంగటనే ఉన్నది. ముల్లు నిద్రపోతున్నట్టు ఉన్నది. బాట అవతలి నుంచి మోతీబాయి గొంతు వినబడ్డది, "చూసిన్రా! వేషం మార్చింది, మిషను కండ్లు కూడ కప్పింది!" జమ్లి ఆ మాట విని కూడ విననట్టే ఉన్నది. ఆమె మనసు ఇంకోకాడ ఉన్నది. మనిషి అదే. బాట అదే, పూట అదే. పెట్టెల వైరు కూడ ముట్టలేదు. మారింది బట్ట ఒక్కటే. గని బట్ట నూలుదాయె, నూలుకు కరెంటుకు ఏం సంబంధం?

రూప్లి ఇడిసిన పేటియాను బట్టల పెట్టెల పెట్టమని చెప్పి పోయింది. చెమట వాసన పోవాలని, జమ్లి దాన్ని వెనక దొడ్లె ఎండకు దులిపింది. అప్పుడే పొద్దు ఎక్కుతున్నది. దొడ్లె తిరుగుతున్న కోడిపెట్ట కొట్టం గోడ దిక్కు ఎగిరి దేన్నో టక్కున పొడిచింది. అక్కడ ఏం లేదు. ఇంకోకాడ పొడిచింది, అక్కడా ఏం లేదు. జమ్లి సరిగ్గ చూసింది. గోడ మీద చిన్న చిన్న వెలుగు చుక్కలు. పేటియా కదిలితే ఉరుకుతున్నయి, ఆగితే ఆగుతున్నయి. కోడి వాటి వెంబడి పడ్డది.

"ఓరి నాయనో!" అన్నది జమ్లి. అని పేటియా ఒళ్ళె వేసుకొని అక్కడనే కూసున్నది.

అన్ని ఒక్కసారే బోధపడ్డయి. గొట్టం మూతి పడమరకు. పొద్దుగాల పొద్దు తూర్పున. ఆ ఎండ బాట మీద పోయే రూప్లి అద్దాల మీద పడ్తది, తిరిగి గొట్టంలకు కొడ్తది. అందుకే ముల్లు ముంగట పైకి ఎగిరింది. మనిషి అడుగు కదలంగనే ఆ వెలుగు తప్పుకుంటది. వచ్చి పోయిన వెలుగును చూసి, ఉన్నట్టుండి చీకటయిందని, మిషను మబ్బనుకున్నది. గంట కట్టిన కొత్తల పొద్దు జర దక్షిణంగ పొడిచేది, ఎండకాలం దగ్గరపడి తూర్పుకు జరిగినంకనే ఆ వెలుగు సూటిగ గొట్టంలకు తగులబట్టింది. సాయంత్రం పొద్దు గుట్టల దిక్కు ఉంటది, అందుకే చప్పుడు లేదు. తను నడిచింది చీరె మీద, మోతీబాయి నడిచింది చీరె మీద. అద్దాలు కట్టుకొని ఆ పూట ఆ బాటన తిరిగేది తండా మొత్తం మీద రూప్లి ఒక్కతే. ఇన్ని దినాలు మనిషిల తప్పు వెతికింది, పెట్టెల తప్పు వెతికింది. కండ్ల ముంగట రోజు మెరుస్తున్న దాన్ని చూడలేదు. పుట్టినకాడి నుంచి చూస్తున్న అద్దాలాయె, అద్దాలని ఎవరికి గుర్తుంటది?

జమ్లి నవ్వింది, ఏడ్చింది, కోడిపెట్టకు ఇంత జొన్నలు చల్లింది. చల్లి నాయక్ ఇంటికి ఉరికింది.

తెల్లారి పొద్దుగాలనే తండా అంత బాట పక్కన గుమిగూడింది. రూప్లి చీరెతోటే పందిరి గుంజను ఆనుకొని నిలబడ్డది. జమ్లి పేటియాను వెదురు కర్రకు తగిలించి జెండా లెక్క పట్టుకొని బాట మీద నడిచింది. ట్రింగ్! అందరు ఉలిక్కిపడ్డరు. మల్ల నడిచింది, మల్ల మోగింది.

"చూడుండ్రి, లోపల మనిషే లేదు" అన్నది జమ్లి.

"బట్టకు కూడ మంత్రం అంటదా ఏంది?" అన్నది మోతీబాయి, గని గొంతుల మునుపటి జోరు లేదు.

"సరే అత్తా. మీ ఇంట్లకు పోయి, నువ్వు తల దువ్వుకునే అద్దం పట్టుకరా."

మోతీబాయి అనుమానంగనే పోయి తెచ్చింది. జమ్లి ఆమెను బాట మీద నిలబెట్టి, అద్దం గొట్టం దిక్కు తిప్పిచ్చి, "ఇంక నడువు" అన్నది. మోతీబాయి ఒక్క అడుగు వేసింది. ట్రింగుమన్నది గంట. అద్దం జారి పడబోతే పట్టుకున్నది. చెయ్యి కదిలింది, మల్ల మోగింది.

బిచ్యా నాయక్ కడుపు పట్టుకొని నవ్విండు. "ఇంకేంది, మోతీబాయి కూడ డాకణే! భగత్‌కు ఒక్కసారే రెండు పనులు!" తండా అంత గొల్లుమన్నది. జమ్లి ఎండ, అద్దం, గొట్టం చూపించుకుంట చెప్పుకుంట పోయింది. పిల్లలు అద్దం గుంజుకొని ఒకరి తర్వాత ఒకరు గంట మోగియ్యబట్టిన్రు. నాయక్ కండ్లు తుడుచుకొని, "భగత్‌కు రావద్దని ఇప్పుడే కబురు పంపుత. రూప్లీ, నువ్వు మంచిదానివేనని తేలింది, ఇంక మనసుల పెట్టుకోకు" అన్నడు.

అప్పటిదాక నోరు మెదపని రూప్లి గుంజ ఇడిసి ముంగటికొచ్చింది.

"ఎవరు తేల్చిన్రు నాయక్? మిషను డాకణ్ అన్నట్టు వినబడ్డది, నన్ను డాకణ్ అన్నరు. ఇయ్యాల మిషను కాదన్నది, కాదంటున్నరు. మీ పిల్లలకు పురుళ్ళు పోసిన, మీ బిడ్డలకు పాటలు నేర్పిన. నడుమ ఒక్కలన్న వచ్చి, రూప్లీ నువ్వేమంటవని నన్ను అడిగిన్రా?"

నవ్వులు ఆగిపోయినయి. ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నరు. జమ్లి కూడ తల దించుకున్నది. ఆమె కూడ మిషను ముంగటనే కూసున్నది గని, అత్త పక్కన కూసొని నువ్వేమంటవని అడగలేదు. రూప్లి కోడలి చేతుల నుంచి పేటియా తీసుకొని ఇంట్లకు పోయింది.

ఆ పొద్దుమీకి మోతీబాయి వచ్చింది. పందిరి కింద నిలబడి చాలసేపు కొంగు మెలిపెట్టింది. "అక్కా, దేవ్లి పాట సగంల ఆగింది. నువ్వు రాకుంటే నేను పీటలేస్త గని పెండ్లి చేసినట్టుండది" అని ఏడ్చింది. "నా నోరు పాడుగాను, భయంల అన్న."

"వస్త. పిల్ల ఏం తప్పు చేసింది?" అన్నది రూప్లి.

పెండ్లినాడు పొద్దుగాలనే జమ్లి నిచ్చెన వేసుకొని పందిరెక్కింది. గొట్టం మూతిని జర పైకి లేపితే చాలు. గుట్టల మీది ఆకాశమే కనబడ్తది, బాట కనబడది. ఇంక అద్దాలకు గంటకు లొల్లి ఉండది. మర ఇప్పుతుంటే కింద నుంచి గలగలమని చప్పుడొచ్చింది. చూస్తే రూప్లి. పేటియా, టుక్రి, కడియాలు, గొలుసులు, అన్ని పెట్టుకొని నిండుగ నిలబడ్డది.

"ఏం చేస్తున్నవే?"

"తిప్పుతున్న యాడీ, నువ్వు పోతుంటే మోగకుండ."

"ఇయ్యాల ఉండనీ. రేపు తిప్పుకో."

జమ్లికి అర్థమయి మర మల్ల బిగించింది. రూప్లి బాట మీద అడుగు పెట్టింది. ట్రింగ్! ఆగలేదు, తొందరపడలేదు. నడిమిట్ల ఒక్కసారి గిర్రున తిరిగింది, పేటియా గేరలు విచ్చుకున్నయి, కల్లంకాడ గంట ఇడువకుండ మోగింది. నిచ్చెన మీద జమ్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది, కండ్లల్ల నీళ్ళు కారుతనే ఉన్నయి.

పెండ్లింటి ముంగట మొగపెండ్లివారి పెద్దమనిషి ఉలిక్కిపడి ఆకాశం దిక్కు చూసిండు. "ఏందమ్మా ఆ గంట? వానొస్తున్నదా?"

మోతీబాయి చేతిల పళ్ళెం కింద పెట్టి, బాట దిక్కు చూసి, "అవ్, వానకు కూడ మోగుతది" అన్నది. "ఇప్పుడు మాత్రం మా రూప్లక్క వస్తున్నది."